దిబ్బలో దబ్బనం

మా అపార్ట్‌మెంటులో ఇంటికొక నీలం డ్రమ్ము ఇచ్చారు. కూరగాయల తొక్కులు, వాడిన పూలు, టీపొడి పిప్పి అందులో వేసి ఎరువు చేసుకోవాలట. ఎలా చెయ్యాలో చెప్పడానికి ఒకమ్మాయి వచ్చింది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, పచ్చిది ఒక వంతు, ఎండుది రెండు వంతులు అని పాఠం చెప్పింది. కింద పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని అందరం బుద్ధిగా విన్నాం. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మనకు తెలిసిన సంగతే ఇంకొకరు శ్రద్ధగా చెబుతుంటే వినడం కూడా బాగానే ఉంటుంది.

ఆ డ్రమ్ము మా బాల్కనీలో పెట్టి మూడు నెలలైంది. మొన్న మా మనవరాలు నన్ను పట్టుకుంది.

"నానమ్మా, దాంట్లో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ పుల్లతో కెలుకుతావెందుకు? లోపల పాముందా?"

అలవాటే అన్నాను. అబద్ధం కాదు. కాకపోతే ఆ అలవాటుకు యాభై ఏళ్లు దాటాయి. దాని వెనక ఒక సంగతి ఉంది. అది చెప్పాల్సిన మనిషికి ఇప్పటిదాకా చెప్పలేదు.

మాది దూది ఏకే ఇల్లు. కొడవలూరుకు తూర్పున, గాలి ఇటు తిరిగితే సముద్రం హోరు వినపడే ఊరు. ఇంటి ముందు పంచలో నాయన, చిన్నాయన విల్లు మీటుతూ దూది ఏకేవాళ్లు, పరుపులు కుట్టేవాళ్లు. విల్లు మోగినంతసేపూ పంచ నిండా దూది ఎగిరేది. బడి నుంచి వచ్చేసరికి ఇద్దరి కనుబొమ్మలూ తెల్లగా నెరిసి ఉండేవి. అమ్మ దిండ్ల గలేబులు కుట్టేది. ఇంటి ముందు భాగం వాళ్లది. ఇంటి వెనక భాగం మా జేజిది, అంటే నాయన తల్లిది. ఇంటి వెనక అంటే దిబ్బ.

దిబ్బ అనగానే ముక్కు మూసుకోకండి. జేజి దిబ్బ కంపు కొట్టేది కాదు. ఎప్పుడన్నా కొడితే, ఆమె వంట మాడినంత సిగ్గుపడేది. "తడి ఎక్కువై ఊపిరాడటంలా దానికి, ఎండాకు తేపో" అని నన్ను సరుగుడు తోపుకు తరిమేది. మా నేల ఇసుక. ఇసుక కింద చౌడు. పోసిన నీళ్లు పోసినట్టే కిందికి దిగిపోయేవి. అక్కడ ఒక సొరపాదు పాకాలన్నా ముందు మన్ను చేసుకోవాలి. జేజి ఏడాది పొడుగునా చేసే పని అదే. సరుగుడు ఆకు ఒక వరస, పక్కింటి గేదెల పేడ ఒక వరస, పొయ్యి బూడిద, కూర తొక్కులు. చేపలక్క తెచ్చే పొలుసు, పేగులు, రొయ్య పొట్టు అడుగుకు పెట్టి, కుక్కలు తవ్వకుండా పైన మళ్లీ బూడిద. చేపలక్క అంటే గంప నెత్తిన పెట్టుకుని మా నాలుగు వీధులూ తిరిగే ఆమె. అమ్మకం అయిపోయాక మా వెనక వాకిట్లో కూర్చుని, గంప దులిపి, జేజి ఇచ్చిన టీ తాగి పోయేది.

ఒక్క ఉప్పు మాత్రం పడకూడదు. ఎండుచేపలు కడిగిన నీళ్లు గానీ, ఊరగాయ జాడీ కడిగిన నీళ్లు గానీ దిబ్బ దగ్గరికి తీసుకుపోతే జేజి ఊరుకునేది కాదు. "పక్కనే సముద్రం పెట్టుకోని నువ్వు కూడా ఉప్పు పోస్తావా?" అనేది.

ఇవన్నీ ఊళ్లో అందరి దిబ్బల్లోనూ ఉండేవే. మా దిబ్బలో మాత్రమే ఉండేది దూది నుసి. పాత పరుపు విప్పి, గట్టిపడిన దూదిని మళ్లీ ఏకితే, ఎందుకూ పనికిరాని పొట్టి దూదీ దుమ్మూ అడుగున మిగిలేవి. అది దిబ్బలో పడి నానితే తడిని పట్టుకుని కూర్చునేది. ఎండాకాలంలో ఊరి దిబ్బలన్నీ ఎండి ఆగిపోయినా మాది లోపల ఉడుకుతూనే ఉండేది.

జేజికి రెండు లెక్కలుండేవి. పండగలకు నెలవంక, దిబ్బకు కార్తెలు. రంజాను ఒక ఏడు ఎండల్లో వచ్చేది, కొన్నేళ్లకు వానల్లోకి జరిగేది. రోహిణి మాత్రం ఎప్పుడూ రోహిణిలోనే ఉండేది. రెండు లెక్కలకూ కలిపి ఆమెకున్న అలవాటు శుక్రవారం. ఆ రోజు తలకు పోసుకుని, నమాజు చేసుకుని, దిబ్బ దగ్గరికి పోయి మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చేది. కళ్లు మూసుకుని కాసేపు అట్లాగే ఉండేది. కళ్లు తెరిచినా ఆమెకు పెద్దగా కనపడేది కాదు. లోపలి వేడిని బట్టి నీళ్లు కావాలో ఆకు కావాలో చెప్పేది. "జొరం బాగా పట్టింది" అంటే దిబ్బ బాగున్నట్టు.

ఇంట్లో నాకు ఒకే ఒక్క బాధ్యత ఉండేది. సాయంత్రం దూది కింద పరిచిన నుసి పట్టాను పంచలో మూడుసార్లు విదిలించి, చేత్తో తడిమి, సూదులేమన్నా చిక్కుకున్నాయేమో చూసి, ఆ తర్వాతే దిబ్బలో వెయ్యాలి. జేజి చెయ్యి పెట్టే చోటు కదా. నాయన చెవిన ఇల్లు కట్టుకుని చెప్పాడు. నేనూ రోజూ చేసేదాన్ని. ఒక్క రోజు తప్ప.

రోహిణి కార్తె నడుస్తోంది. పెళ్లివారి పరుపులు ఆరు ఒకేసారి వచ్చి పడ్డాయి. నాయన, చిన్నాయన తెల్లారకముందు నుంచి వంచిన నడుము ఎత్తలేదు. మందం పరుపులు కుట్టడానికి మా ఇంట్లో ఒక దబ్బనం ఉండేది. జానెడు పొడుగు సూది. మా జేజినాయన చెన్నపట్నం నుంచి తెచ్చుకున్నది. ఆయన పోయాక పెద్దకొడుకుగా నాయనకు వచ్చింది. ఇంట్లో విలువైన వస్తువేదని అడిగితే నేను ఆ దబ్బనమే చూపించేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం దాకా నాయన కుట్టి, భుజం పట్టేసిందని చిన్నాయన చేతికిచ్చాడు.

సాయంత్రం నేను నుసి పట్టా ఎత్తేసరికి వీధిలో పిల్లలు పరిగెత్తుతున్నారు. ఒడ్డుకు గంగాళమంత తాబేలు కొట్టుకొచ్చిందట. విదిలించలేదు, తడమలేదు. పట్టా తీసుకుపోయి దిబ్బ మీద బోర్లించి, పైన రెండు దోసిళ్లు బూడిద కొట్టి, పరిగెత్తాను. తాబేలు చచ్చిపోయి ఉంది. గంగాళమంత కూడా లేదు.

ఇంటికి వచ్చేసరికి దబ్బనం వెతుకుతున్నారు.

నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. నేను కూడా వాళ్లతో కలిసి వెతికాను. చాపల కింద, దిండ్ల కింద, దీపం పట్టుకుని పంచ మూలల్లో. తేలు కుట్టిన దొంగ అంటారే, అది నేనే. నాయన నన్ను అడిగాడు, "నుసి విదిలించినావా మే?"

"మూడుసార్లు విదిలించినా నాయనా."

అంతే. ఆ ఒక్క మాట. దెబ్బలకు భయపడి అన్నాను. తర్వాత ఏం జరుగుతుందో నాకేం తెలుసు.

చిన్నాయన అప్పటికి కొన్ని నెలలుగా వేరే పోవాలని అంటున్నాడు. బిట్రగుంట రైల్వే కాలనీలో పరుపుల పని బాగా ఉందని ఎవరో చెప్పారు. నాయనకు అది గిట్టలేదు. దబ్బనం కనపడకపోవడం, ఆఖరున అది చిన్నాయన చేతిలో ఉండటం, ఈ రెండూ నాయన మనసులో ఒకదానికొకటి ముడిపడ్డాయి. మర్నాడు అన్నం దగ్గర మాట బయటికొచ్చింది.

"వేరే కుదురు పెట్టుకుంటానంటే వద్దన్నానా? అడిగితే ఇచ్చేవాణ్ణి గదా. దాచుకునేది దేనికి?"

"నేను తియ్యలా అన్నా" అన్నాడు చిన్నాయన.

"మరి దానికి కాళ్లొచ్చినాయా?"

చిన్నాయన రెండోసారి చెప్పలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. జేజి మాత్రం నాయనతో, "ఇనుప ముక్క కోసరం తోడబుట్టినోణ్ణి పోగొట్టుకోబాక నాయనా" అంది. నాయన తల ఎత్తలేదు.

మూడో రోజు పొద్దున చిన్నాయన తన విల్లు భుజాన వేసుకుని బయల్దేరాడు. నాకు దూదితో గడ్డాలూ మీసాలూ అంటించి మౌల్వీని చేసి నవ్వించే మనిషి, బెల్లం ముక్క దాచి నాకు తెచ్చే మనిషి, పోతూ పోతూ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నిమ్మచెట్టుకు నీళ్లు పొయ్యి మే" అన్నాడు. వెనక వాకిట్లో మూలనున్న నిమ్మచెట్టు ఆయన పెట్టిందే. గుమ్మం దాటుతుంటే విల్లు తడికెకు తగిలి ఒక్కసారి మోగింది. అప్పుడన్నా చెప్పి ఉండొచ్చు. గొంతు దాకా వచ్చింది. నాయన ముఖం చూసి మింగేశాను. ఇప్పటికీ విల్లు మోత గుర్తొస్తే నామీద నాకే కోపం వస్తుంది.

ఆ శుక్రవారం జేజి చెంగు దోపుకుని దిబ్బ దగ్గరికి పోయింది. చెయ్యి దూర్చబోతుంటే పరిగెత్తి పట్టుకున్నాను.

"పుల్ల పెట్టి చూద్దాం జేజీ. చెయ్యి కాలతాది."

"పుల్లకేం తెలస్తాదే జొరం?"

"పెట్టి, కాసేపుండి తీసి, చెంపకు ఆనించుకుంటే తెలస్తాది."

వేపపుల్ల ఒకటి విరిచి, చెక్కి, లోపలికి గుచ్చాను. కాసేపటికి తీసి ఇస్తే జేజి చెంపకు ఆనించుకుంది. వెచ్చగా, చెమ్మగా ఉంది. నవ్వింది. "ముసిల్దాని చెయ్యి మీద ఎంత ప్రేమే నీకు" అంది. అప్పటి నుంచి శుక్రవారం పుల్ల నా పని అయింది.

ఆషాఢం గాలి మొదలైంది. మా వైపు ఆ నెలల్లో వానలు మొక్కుబడిగా పడతాయి, గాలి మాత్రం ఇసుక ఎత్తి ముఖాన కొడుతుంది. దిబ్బ ఎండకుండా తాటాకులు కప్పి, రోజూ రెండు బిందెలు మంచినీళ్లు పొయ్యాలి. బావి నీళ్లు ఉప్పు. మంచినీళ్లు కావాలంటే తోపు అవతల ఇసుకలో తవ్విన చెలమ నుంచి తేవాలి. ఎవరూ చెప్పకుండానే మోసేదాన్ని. రెండు బిందెలు దిబ్బకు, ఒకటి నిమ్మచెట్టుకు. చెప్పని పని చేస్తున్నందుకు అమ్మకు అనుమానమొచ్చి, "ఈ పిల్లకేమన్నా గాలి సోకిందా, తాయెత్తు కట్టిద్దామా?" అని జేజిని అడిగింది.

తోటిపిల్లలు ఎర్రల కోసం, అంటే వానపాముల కోసం, వచ్చేవాళ్లు. గాలానికి గుచ్చడానికి మా దిబ్బ ఎర్రలంటే చేపలు ఎగబడతాయని వాళ్ల నమ్మకం. ఏటా చేతులతో తవ్వుకుని పోయేవాళ్లు. ఆ ఏడు నేను అడ్డం నిలబడ్డాను. "దిబ్బ మీ జాగీరా?" అని పోట్లాడారు. చివరికి నేనే పుల్లతో అంచులు కెలికి, ఎర్రలు ఏరి, కొబ్బరిచిప్పల్లో పెట్టి ఇచ్చేదాన్ని. పిసినారి అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు పెళ్లయ్యేదాకా పోలేదు.

హస్త కార్తెలో దిబ్బ తిరగెయ్యాలి. పెద్ద వానలు రాకముందే పైది కిందికి, కిందది పైకి. ఏటా చిన్నాయన చేసే పని. ఆ ఏడు నాయన పార పట్టాడు, నేను పక్కనే కూర్చుని ప్రతి పారకూ పుల్లతో వెతికాను. జేజి పోగొట్టుకున్న తాళంచెవి దొరికింది. గాజుముక్కలు, ఒక ఇత్తడి గుండీ, నిరుడు పోయిన గరిటె దొరికాయి. దబ్బనం దొరకలేదు. నాయన సగం తిప్పి అలసి ఆగాడు. "వాడైతే ఈ పాటికి ముగించి స్నానం కూడా చేసుండేవాడు" అన్నాడు. అని, ఎందుకన్నానా అన్నట్టు పార పక్కన పెట్టి లోపలికి పోయాడు. మధ్యలోది కదలకుండా అట్లాగే ఉండిపోయింది.

స్వాతి కార్తెలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు వాన. ఊరి పక్క కాలవలోకి సముద్రం ఎదురెక్కుతోందని చాటింపు వేశారు. ఊళ్లో అందరూ బియ్యం, బట్టలు అటకెక్కిస్తుంటే జేజి గోనెపట్టా నెత్తిన కప్పుకుని దిబ్బ చుట్టూ మట్టిగట్టు వేస్తోంది. నేనూ పోయాను. ఇద్దరం వానలో తడుస్తూ తట్టలతో మట్టి పోశాం. ఆమె ఆయాసపడుతోంది.

"వాడుంటే నన్నీ వానలోకి రానిచ్చేవాడా" అంది, నాతో కాదు, మట్టితో.

"జేజీ" అన్నాను.

"మాటలాడబాక, మట్టి పొయ్యి. నీళ్లొచ్చేస్తా ఉండాయి."

పోశాను. ఉప్పునీళ్లు గట్టు దాకా వచ్చి, ఒక రాత్రి ఉండి, వెనక్కి పోయాయి. దిబ్బ దక్కింది. నా మాట మళ్లీ లోపలే ఉండిపోయింది.

వానలు పోయి పొద్దున్నే మంచు పడే రోజుల్లో దిబ్బ కొట్టేవాళ్లం, అంటే తవ్వి ఎరువు తీసేవాళ్లం. నా ఎత్తు దాటి ఉండిన దిబ్బ మోకాలి దాకా కుంగి ఉండేది. పొలుసు, పేడ, ఆకు, దూది, ఏదీ ఏదో తెలియకుండా నల్లటి మన్నయ్యేది. తొలకరి చినుకు పడ్డ వాసన. దానికొక పద్ధతి ఉండేది. దిబ్బలో ఎవరు ఏం వేసినా వాళ్లకొక గంప. గేదెలింటివాళ్లకు ఒకటి, చేపలక్కకు ఒకటి, కొడుకులిద్దరికీ చెరొకటి. మిగిలింది జేజి పాదులకు.

ఆ ఏడు జల్లెడ పట్టే పని నాకే కావాలని మంకుపట్టు పట్టాను. జేజి గంపలు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. నాలుగో గంప నింపుతుంటే అడుగున కుళ్లీ కుళ్లని దూది ఉండ ఒకటి వచ్చింది. విప్పితే లోపల దబ్బనం. నల్లగా తుప్పు పట్టి, ఎరువులో పుట్టినదానిలా ఉంది.

"ఏంది మే దొరికింది?" అంది జేజి.

"చేప ముల్లు జేజీ."

పావడా మడతలో దోపుకున్నాను. ఎనిమిది నెలలు వెతికిన వస్తువు దొరికిన క్షణాన నా నోటి నుంచి వచ్చింది మళ్లీ అబద్ధమే. బావిలో పడేస్తే అయిపోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. ఆ మధ్యాహ్నం బావి దాకా పోయాను కూడా.

అందరూ వచ్చి ఎవరి గంప వాళ్లు తీసుకుపోయారు. చిన్నాయన గంప మిగిలింది. నాయన దాన్ని సొరపాదులో వెయ్యబోతే జేజి ఒప్పుకోలేదు. "వాడి వాటా వాడే వేసుకోవాల" అని నిమ్మచెట్టు మొదట్లో పెట్టించి, పైన గోనెపట్టా కప్పింది. రోజూ పొద్దున పోయి, ఎండిపోకుండా కాసిని నీళ్లు చిలకరించి వచ్చేది. నేను వాకిట్లోకి ఎప్పుడు పోయినా ఆ గంప కనపడేది. బావి దగ్గరికి పోవాలన్నా దాన్ని దాటుకునే పోవాలి. అట్లా నాలుగు రోజులు.

ఐదో రోజు జేజి నీళ్లు చిలకరిస్తుంటే పోయి దబ్బనం ఆమె అరచేతిలో పెట్టాను.

ఆమె చూడలేదు, తడిమింది. కొన నుంచి బెజ్జం దాకా వేలితో మెల్లగా తడిమింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు నీకు?"

"పోయిన రోజు నుంచే."

"అందుకా ఆ పుల్ల" అంది. "నా చెయ్యి గురించి అంత ఆలోచించినదానివి, వాడి గురించి ఆలోచించలా ఏమే?"

కొట్టి ఉంటే బాగుండేది. ఆమె గొంతులో కోపం కూడా లేదు, నిజంగానే అడిగింది.

"పోయి మీ నాయనకు నువ్వే చెప్పు. నేను చెప్పను" అని దబ్బనం నాకే తిరిగిచ్చింది.

నాయన పంచలో దూది ఏకుతున్నాడు. నేను చెబుతుంటే విల్లు ఆగింది. దబ్బనం తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, లేచి బావి దగ్గరికి పోయి, రెండు చేదలు నీళ్లు నెత్తిన కుమ్మరించుకుని వచ్చాడు. చలికాలం. నన్ను కొట్టలేదు. "రేపు పొద్దున బండికి పోవాల, తయారుగా ఉండు" అన్నాడు.

మర్నాడు సైకిలు ముందు కడ్డీ మీద నేను, వెనక క్యారియర్ మీద చిన్నాయన గంప. కొడవలూరు స్టేషనులో ప్యాసింజరు ఎక్కాం. గంపను నాయన ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ముక్కు ఎగబీల్చి, "వాన వాసనొస్తా ఉండాదే, ఏంది సామీ అది?" అన్నాడు.

"ఎరువు."

"ఎరువా? రైల్లోనా?" అని ఆయన కాళ్లు పైకి పెట్టుకున్నాడు. పెట్టె అంతా నవ్వారు. ఒకామె గోనెపట్టా ఎత్తి చూసి, వేళ్ల మధ్య నలిపి, "మా మల్లెచెట్టుకు ఒక దోసెడు పెట్టన్నా" అని అడిగింది.

"ఇవ్వకూడదమ్మా. ఇది మా తమ్ముడిది" అన్నాడు నాయన. తమ్ముడు అనే మాట ఎనిమిది నెలల తర్వాత ఆయన నోట విన్నాను.

బిట్రగుంటలో ఎర్ర ఇటుకల క్వార్టర్ల వెనక ఒక చిన్న గది. ముందు వసారాలో చిన్నాయన పరుపు కుడుతున్నాడు. చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "రా అన్నా" అన్నాడు. నాయన గంప కింద పెట్టాడు.

"అమ్మ పంపింది. నీ వాటా."

చిన్నాయన గంపను చూశాడు, చుట్టూ ఉన్న గచ్చును చూశాడు.

"నిమ్మచెట్టును ఆడ పెట్టుకోని ఎరువు ఈడికి మోసుకొచ్చినావా? ఈడ నాకు మట్టి యాడుండాది అన్నా?"

నాయనకు ఆ ఆలోచనే రాలేదని ముఖం చూస్తే తెలిసింది. ఆయనకు తెలిసిందల్లా, ఊరికే చేతులూపుకుంటూ తమ్ముడి గుమ్మం ఎక్కలేననే. జేబులోంచి దబ్బనం తీసి చాపాడు.

"నేనే చిన్నాయనా" అన్నాను. "నుసి విదిలించలా. తాబేలును చూసేదానికి పరిగెత్తినా."

చిన్నాయన దబ్బనం అందుకుని బొటనవేలితో తుప్పు రుద్దాడు. "దీంతో ఇంక కుట్టలేం" అన్నాడు. తర్వాత నాయన వైపు చూశాడు. "నేను తియ్యలా అని చెప్పినాను గదన్నా."

"చెప్పినావు."

"నమ్మాల్సింది."

"నమ్మాల్సింది రా" అన్నాడు నాయన.

చిన్నాయన లోపలికి పోయి, మూతి కట్టిన గోనెసంచి ఒకటి ఈడ్చుకొచ్చాడు. "నుసి. వచ్చినకాడి నుంచి పెట్టినాను. ఈడ పారెయ్యబుద్ధి కాలా. అమ్మ దిబ్బకు పనికొస్తాదని." నాయన మూతి విప్పి చెయ్యి పెట్టబోయి ఒక్క క్షణం ఆగాడు. చిన్నాయన చూశాడు.

"పెట్టు పెట్టు. మూడుసార్లు విదిలించినాలే."

నేను ఏడ్చాను. ఎనిమిది నెలల ఏడుపు. చిన్నాయన ఆ సంచిలోంచే ఇంత దూది తీసి నా ముక్కు తుడిచాడు.

ఆ సాయంత్రం బండికి ముగ్గురం తిరిగొచ్చాం. గంప కూడా తిరిగొచ్చింది. చిన్నాయన నేరుగా వెనక వాకిట్లోకి పోయి, నిమ్మచెట్టు మొదలు తవ్వి, ఎరువు వేసి, నీళ్లు పోసి, అప్పుడు జేజి దగ్గరికి పోయి కూర్చున్నాడు. జేజి ఆయన చేతులు వాసన చూసింది. నిజం చెప్పేశాను కాబట్టి అన్నీ మళ్లీ మునుపటిలా అయిపోతాయనుకున్నాను. పిల్లలకు అట్లాగే అనిపిస్తుంది. తెల్లారి చిన్నాయన బండెక్కి పోయాడు. అక్కడ ఒప్పుకున్న పని ఉంది, ఇచ్చిన మాటలున్నాయి. ఆ ఎనిమిది నెలల్లో ఆయన బతుకు అక్కడే వేళ్లూనింది. పెళ్లీ, పిల్లాడూ, అన్నీ అక్కడే. ఏటా దిబ్బ కొట్టే రోజు మాత్రం నుసి సంచితో వచ్చేవాడు, గంప నిమ్మచెట్టుకు వేసేవాడు, మర్నాడు పోయేవాడు. నేను నోరు విప్పి ఉంటే ఆ వాకిట్లో రెండు విళ్లు మోగేవి.

ఇప్పుడు ఒక్కటీ మోగదు. పరుపులు ఫోమువి వచ్చాయి. జేజి, నాయన, అమ్మ, చిన్నాయన అందరూ పోయారు. ఆ మధ్య అటు పోతే మా వెనక వాకిలి ఉన్న చోట, చుట్టుపక్కల వాళ్ల వాకిళ్లన్నీ కలిపి, రొయ్యల గుంటలు తవ్వారు. జేజి జాడీ కడిగిన నీళ్లు కూడా పొయ్యనివ్వని నేలలోకి మోటార్లు పెట్టి ఉప్పునీళ్లు తోడుతున్నారు. కాసేపు గట్టు మీద నిలబడి వచ్చేశాను.

పోయిన వారం నా డ్రమ్ములో ఎరువు తయారైంది. మూత తీస్తే అదే వాన వాసన. చిన్నాయన కొడుక్కి ఫోన్ చేశాను. నెల్లూరులోనే, మాకు రెండు వీధుల అవతల ఉంటాడు.

"తమ్ముడూ, మీ నాయన వాటా ఉండాది, వచ్చి తీసుకుపో."

"ఏం వాటా అక్కా?"

"ఎరువు."

నవ్వాడు. "మాది మూడో అంతస్తు అక్కా. నాకు మట్టి యాడుండాది?"

అచ్చం వాళ్ల నాయన అన్న మాటే. అప్పుడడిగాను, "మీ నాయన మన ఊరొదిలిపెట్టి బిట్రగుంట ఎందుకు పోయినాడో నీకెప్పుడన్నా చెప్పినాడా?"

"పని బాగుండాదని పోయినా అనేవాడు. ఏమక్కా, ఇంకేమన్నా ఉండాదా?"

కన్న కొడుక్కి కూడా నా పేరు చెప్పలేదు చిన్నాయన. ముప్పై ఏళ్లు కొడుకుతో కలిసి బతికి, ఒక్కసారి కూడా.

"ఉండాది. ఆదివారం రా, చెప్తాను. గంప తెచ్చుకో" అన్నాను.

బజారుకు పోయి కుండీలో ఒక నిమ్మమొక్క కొనుక్కొచ్చాను, అతనికిద్దామని. వాటా తీసి దాని పక్కన పెట్టి, పైన పాత గోనెపట్టా కప్పాను. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. ఎండిపోకుండా రోజూ పొద్దున కాసిని నీళ్లు చిలకరిస్తున్నాను.